చల్లటి ఇంజను

పిల్లలంతా ఆమెను వ్యానత్త అనేవారు. పదకొండు మందిని బడికి చేర్చి, మళ్ళీ ఇళ్ళకు దింపడం పదహారేళ్ళుగా ఆమె పని. వ్యాను వయసు ఇంకా ఎక్కువే. మిగతా కాలమంతా బుద్ధిగా నడిచిన ఆ బండి, చలి ముదరగానే పేచీ మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నిలువెల్లా వణుకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే రెండు దగ్గులు దగ్గి ఆగిపోవడం. మంగళవారం సరిగ్గా కూడలి నడిమధ్య ఆగింది. వెనక లారీ కొట్టిన హారనుకు లోపలున్న చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంది.

సాయంత్రం పెద్ద టీచరమ్మ పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పింది. "సోమవారానికి బాగైతే సరేనమ్మా. లేదంటే వేరేవాళ్ళను చూసుకోక తప్పదు."

ఆమె తమ్ముడు మెకానిక్. అతని షెడ్డు ఊరికి అవతలి కొసన ఉంది. బండి తీసుకెళ్తే బానెట్ ఎత్తి చెవి పెట్టాడు.

"చక్కగా పాట పాడుతోందిగా! దీనికేం రోగం లేదక్కా. నీ కాలే కుదురుగా ఉండదు."

"పదహారేళ్ళుగా ఇదే కాలురా. కొత్తదేం బిగించుకోలేదు."

అయినా ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటర్ విప్పి కడిగాడు. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర అదే వణుకు, సాయంత్రం షెడ్డులో అదే పాట.

ఆమెకు కోపం రావలసిన చోట కుతూహలం పుట్టింది. ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసింది. ఇంటి నుంచి షెడ్డుకు ఇరవై నిమిషాలు. వాడి దగ్గరికి చేరేసరికి ఇంజను వేడెక్కిపోయి ఉంటుంది. తన బండి ఒక్కటేనా, అక్కడికొచ్చేవన్నీ నడిచొచ్చినవే. ఇన్నేళ్ళ మెకానిక్, చల్లటి ఇంజను చప్పుడు ఎన్నిసార్లు విని ఉంటాడు?

శుక్రవారం సాయంత్రం బండిని షెడ్డులోనే వదిలింది. "పొద్దున నేనొచ్చాక చూద్దాం" అని చెప్పింది.

శనివారం తెల్లవారుతూండగా వెళ్తే తమ్ముడు నవ్వుతూ ఎదురొచ్చాడు. "చలిలో వస్తావని పావుగంట ముందే స్టార్ట్ చేసి ఉంచానక్కా. ఎక్కు, లోపల వెచ్చగా ఉంది."

"నీ ప్రేమ తగలెయ్య! ఆ చలే కదరా నాకు కావలసింది!"

ఎవరి బండి రాత్రి షెడ్డులో ఉన్నా, వాళ్ళొచ్చేసరికి వేడి చేసి అప్పగించడం అతని మర్యాద.

ఆ రాత్రీ బండిని అక్కడే వదిలి, ఈసారి ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్ళింది. ఆదివారం తెల్లారి వచ్చి తనే తిప్పింది. బండి ఊగిపోయింది. తమ్ముడి మొహంలో నవ్వు మాయమైంది.

"ఇదా నువ్వు చెప్తున్నది?"

"ఇన్నాళ్ళ నుంచీ, బాబూ."

అతడు ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా తెచ్చి, ఎక్కడైనా చిల్లు ఉంటే నీళ్ళకు మూసుకుంటుందని, ఇంజను గాలి పీల్చుకునే దారి వెంట కొద్దికొద్దిగా చల్లుతూ పోయాడు. వేలంత రబ్బరు గొట్టం ఒకటుంది. దాని కింద నీళ్ళు తగలగానే వణుకు ఒక్క క్షణం ఆగింది.

"ఆగరా. మళ్ళీ కొట్టు."

మళ్ళీ ఆగింది. గొట్టం లాగి వంచితే అడుగున వెంట్రుకంత చీలిక. చలికి రబ్బరు బిగుసుకుంటే అది విచ్చుకుని దొంగగాలి దూరుతోంది. వేడికి మెత్తబడగానే మూసుకుపోతోంది. అతడు కొత్త గొట్టం బిగించాడు గానీ, ఇంజను అప్పటికే వేడెక్కింది. బాగైందో లేదో తేలాలంటే మళ్ళీ చల్లబడాలి, అంటే సోమవారం పొద్దున దాకా ఆగాలి.

ఆమె బండితో పాటు పాత గొట్టాన్నీ ఇంటికి తెచ్చుకుంది. దాన్ని రాత్రంతా ఫ్రిజ్ పైఅరలో పెట్టింది. పొద్దున తీసి చూస్తే చీలిక నోరు తెరుచుకుని ఉంది. అప్పుడు వెళ్ళి వ్యాను స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. ఇంజను ఆగలేదు, వణకలేదు.

బడి గేటు దగ్గర పదకొండు మందీ దిగాక పెద్ద టీచరమ్మ మాటవరసకు అడిగింది. "ఏమిటమ్మా దాని జబ్బు?"

వ్యానత్త సంచిలోంచి గొట్టం తీసింది. "ఇలా వంచి చూడండి మేడమ్. ఇప్పుడు మీ గుప్పిట్లో కాసేపు వెచ్చగా పట్టుకోండి, ఆ చీలిక మూసుకుపోతుంది."

గంట కొట్టారు. అయినా టీచరమ్మ గుప్పిట తెరవలేదు.