గుండిగకు సరిపోయిన పొయ్యి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. వయసు ఇరవై ఆరు, సిడ్నీలో మొదటి ఉద్యోగం, చేతిలో ఆఫీసువాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్. ఏ విషయాన్నయినా పద్నాలుగు గడుల పట్టికలోకి ఎక్కిస్తే నిజం దానంతటదే బయటపడుతుందని గట్టిగా నమ్మేదాన్ని. (పెళ్ళి సంబంధాలకు కూడా ఒక పట్టిక ఉండేది. అందులో ఎవరూ పాసవలేదు.) ఇప్పుడు తలచుకుంటే ఆ అమ్మాయి మీద జాలి వేస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

గిరావీన్‌లో అక్కా బావా అద్దెకుండే ఇంట్లోనే నేనూ ఉండేదాన్ని. అక్కకు ఏడో నెల వచ్చింది. జూలైలో సీమంతం పెట్టుకున్నాం. జూలై అంటే ఇక్కడ నడి చలికాలం. సోఫాలు పోగా హాల్లో పదిమందికి మించి పట్టరు, పిలిచింది ఇరవై మందిని. అప్పుడు బావ గరాజ్‌లోంచి తన టెంట్ బయటికి తీశాడు. గుండ్రంగా, మందపాటి కాన్వాస్‌తో, పొగగొట్టం కోసం పైన రంధ్రం కూడా ఉన్న టెంట్ అది. సేల్‌లో ఉందని కొన్నాడే గానీ ఒక్కసారైనా క్యాంపింగ్‌కి వెళ్ళిన పాపాన పోలేదు. "బ్యాక్‌యార్డ్‌లో వేసేద్దాం. లోపల ఒక కట్టెల పొయ్యి పెట్టామంటే సూపర్ వార్మ్‌గా ఉంటుంది," అన్నాడు.

అమ్మకు వీసా రాలేదు. ఫోన్లో ఆవిడది ఒకటే మాట. "పెద్దదానికి చలి తగలనివ్వకే. నా బదులు నువ్వే చూసుకోవాలి." సరేనని మాటిచ్చాను. పక్కనే ఉన్న అక్క పకపకా నవ్వింది. "నువ్వా? స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటావు, నువ్వు నన్ను చూసుకుంటావా?" ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఊహ తెలిసినప్పటినుంచీ నన్ను అక్కే చూసుకుంది. ఈ ఒక్కసారైనా నేను అక్కను చూసుకున్నాననిపించుకోవాలని పంతం పట్టాను. పొయ్యి ఎంపిక నాదేనని ప్రకటించాను.

వారం రోజులు పట్టిక కట్టాను. ఇనుము మందం, బరువు, గొట్టం పొడవు, ఎంతసేపు మండుతుంది, కొన్నవాళ్ళ పొగడ్తలు, కొన్నవాళ్ళ తిట్లు, అన్నీ ఎక్కించాను. శనివారం దుకాణానికి బయలుదేరుతుండగా గుండిగ అంకుల్ వచ్చారు. పెండిల్ హిల్‌లో ఈయన గరాజ్‌లో కారు ఉండదు, గుండిగలుంటాయి. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ ఫంక్షనైనా వంట ఆయన పాత్రల్లోనే. మా సీమంతానికి కూడా ఒకటి తెచ్చారు.

"పొయ్యి ఎలాగూ కొంటున్నారు కదమ్మా! పప్పుచారు దాని మీదే పెట్టేస్తే పోలా? జనం వెచ్చగా ఉంటారు, చారూ వేడిగా ఉంటుంది. టూ ఇన్ వన్!"

నా పట్టికలో లేని గడి అది. వెంటనే పదిహేనోది చేర్చాను.

దుకాణంలోకి మేమిద్దరం గుండిగను చెరోవైపు పట్టుకుని నడిచాం. (అక్కడున్నవాళ్ళు మర్యాదస్తులు. దారిచ్చారే గానీ ఒక్కరూ ఏమీ అడగలేదు.) మొదటి పొయ్యి మీద గుండిగ పెడితే పొయ్యి కనబడకుండా పోయింది. రెండోదాని మీద ఒరిగింది. చెప్పుల షాపులో సైజు చూసుకున్నట్టు వరసగా చూసుకుంటూ పోయాం. చివర్లో, మూలనున్న నల్లటి పొయ్యి మీద మాత్రం గుండిగ పీట వేసుకున్నట్టు కూర్చుంది. అంకుల్ మొహం వెలిగిపోయింది.

షాపు యజమాని, తెల్లగడ్డం తాత, మా దగ్గరికొచ్చాడు. "మీ టెంట్ ఎంత పెద్దది, లవ్?" అని అడిగాడు. (ఇక్కడి తాతలకు ఆడపిల్లలందరూ 'లవ్'లే.) చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "ఇది పెద్ద షెడ్లకి పెట్టేది. టెంట్‌లో పెట్టారంటే మీరే ఉడికిపోతారు. అదిగో, ఆ చిన్నది చాలు."

నేను అంకుల్ వైపు చూశాను. ఆయన నా చెవిలో, "వీళ్ళకి చలేం తెలుస్తుందమ్మా! జూలైలో షార్ట్స్ వేసుకుని తిరిగే మనుషులు," అన్నారు. తాత నిజంగానే షార్ట్స్‌లో ఉన్నాడు. అంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేకపోయింది. పద్నాలుగు గడులూ చిన్నదే మేలంటున్నా, పదిహేనో గడి మాట విని పెద్దదే కొన్నాను.

సీమంతం ఆదివారం పొద్దున. బావ గొట్టం బిగించాడు, నేను కట్టెలు దట్టించి అంటించాను. అమ్మలక్కలు శాలువాలు కప్పుకుని వచ్చి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అన్నారు. ఆ హాయి పావుగంట నిలిచింది. తరవాత శాలువాలు జారాయి. పట్టుచీరల కొంగులు విసనకర్రలయ్యాయి. మంట తగ్గుతుందని పొయ్యికున్న గాలి తలుపు మూసేశాను. అయినా అప్పటికే కాగిపోయిన ఇనుము నా మాటెందుకు వింటుంది? గుండిగలో పప్పుచారు కుతకుతా ఉడుకుతోంది. అక్క బుగ్గలకు రాసిన గంధం ఎండి పొలుసులు లేస్తోంది.

"ఒసేయ్... నన్ను బయటికి తీసుకెళ్ళవే," అంది అక్క నీరసంగా.

నా ప్రాణం పోయింది. ఆ నిమిషంలో పొయ్యీ లేదు, పట్టికా లేదు. అక్కకేమైనా అయితే అన్న భయం తప్ప మరేమీ లేదు. బావా నేనూ రెండు వైపులా పట్టుకుని తీసుకెళ్ళి నిమ్మచెట్టు పక్కన నీరెండలో కూర్చోబెట్టాం. చల్లగాలి తగిలింది. మజ్జిగ తాగింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేను ఏడుస్తున్నాను.

"నాకేం కాలేదే పిచ్చిమొహమా! కొంచెం ఉక్కపోసింది, అంతే. ఆ గాజులిక్కడికే తెప్పించు," అంది.

మిగతా సీమంతం నిమ్మచెట్టు దగ్గరే జరిగింది. చలేసినవాళ్ళు టెంట్‌లోకి వెళ్ళి రెండు నిమిషాల్లో పరుగెత్తుకొచ్చేవారు. గుండిగ అంకుల్ మాత్రం ఏ తప్పూ ఒప్పుకోలేదు. "చారు అదిరింది కదా!" అని అందరినీ అడిగారు. అదిరింది కూడానూ.

మధ్యాహ్నం అమ్మ వీడియోకాల్ చేసింది. చలేసిందా అని మొదటి ప్రశ్న. నేను తల దించుకున్నాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "చలా? చెల్లి దాన్ని గేటు దాటి లోపలికి రానిస్తేనా! మాట నిలబెట్టుకుందమ్మా," అంది. నిజమే చెప్పింది మరి.

అప్పుడు కడుపులో ఉన్నవాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. ఆ పొయ్యి మా పెరట్లో, టెంట్ లేకుండా, ఆకాశం కింద ఉంది. చలికాలంలో అంటిస్తే పెరడు మొత్తానికి చాలుతుంది. "పిన్నీ, వై డిడ్ యు బై సచ్ అ హ్యూజ్ వన్?" అని అడుగుతాడు వాడు. మీ అమ్మను అడగమంటాను. ఎవరైనా సలహా అడిగితే ఇప్పుడు నేను కూడా ఆ తాతలాగే టెంట్ ఎంత పెద్దది అనే అడుగుతాను. కానీ ఆ దుకాణంలో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, గుండిగ మోస్తూ వచ్చే ఆ ఇరవై ఆరేళ్ళ అమ్మాయి ఎదురుపడితే మాత్రం ఏమీ అడగను. ఒకవైపు నేనూ ఓ చెయ్యి వేస్తాను.