గాలి దీవికి వెళ్ళొచ్చిన బెల్లం దిమ్మ

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. భయం కాదు, చిరాకు. అనకాపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్ళ చేతిలో రిపోర్టు పెట్టి, "గాలీ లేదు, ధూళీ లేదు, ముందు డాక్టరు దగ్గరికి పదండి" అని కసిరే మనిషిని. ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. నమ్మమని ఎవరి గడ్డమూ పట్టుకోను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది కశింకోట దగ్గర పల్లె. చెరుకు పండిస్తాం, సొంత బెల్లం గానుగ ఉంది. మా ఆయన పెనం మీద పొంగు చూసి పాకం ఎప్పుడు దించాలో చెప్పేస్తాడు. ఇంట్లో ఆయన, మా అత్త, నేను, మా అమ్మాయి బుజ్జి. ఇప్పుడు ముగ్గురమే.

బుజ్జి మాకు ఒక్కతే. డిగ్రీ చదువుతుండగా, పోయిన వానాకాలంలో డెంగ్యూ వచ్చి పోయింది. మొదటి ప్లేట్‌లెట్ల పరీక్ష నేనే చేశాను, నా చేతులతో. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గానుగ మొదలైన రోజు తొలి పాకంలోంచి ఇంటికోసం ఒక చిన్న దిమ్మ పోస్తారు. అది ఇంకా వేడిగా ఉండగానే ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు దానిమీద బొటనవేలు నొక్కాలి. ఆ దిమ్మ అమ్మరు. గానుగ ఆఖరి రోజున, నొక్కిన వాళ్ళే దాన్ని పగలగొట్టి అందరికీ పంచాలి.

బుజ్జికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వేలు దానిదే. కాలుతుందని భయం, నొక్కాలని ఆశ. అందుకని ఎప్పుడూ మధ్యలో నొక్కేది కాదు. ఓ పక్కకి, అంచుకి దగ్గరగా నొక్కేసి, వేలు నోట్లో పెట్టుకుని గెంతులు వేసేది. చిన్నప్పుడు చెరుకు నరకబోయి ఆ వేలు కోసుకుంది. ఆ మచ్చ అడ్డంగా ఒక గీతలా ఉండిపోయింది. బెల్లంలో కూడా ఆ గీత పడేది.

ఇక దీవి సంగతి. అండమాన్లలో ఎక్కడో మూలనున్న ఒక చిన్న దీవి వీడియో బుజ్జి ఫోన్లో చూసింది. కొబ్బరిచెట్లన్నీ గాలికి ఒకే పక్కకి ఒరిగిపోయి ఉంటాయి. సిగ్నల్ ఉండదు. సముద్రం బాగుంటేనే పడవ. దానికి గాలి దీవి అని పేరు పెట్టేసుకుంది. "అక్కడ తల దువ్వుకోనక్కర్లేదమ్మా, గాలే దువ్వేత్తాది" అనేది. ఏటా వాళ్ళ నాన్న వెంటపడేది. ఆయన ఏటా ఒకటే మాట, "గానుగ అవనీ, ఎల్దాం."

ఆసుపత్రిలో కూడా అడిగింది. నోరు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు. "నాన్నా, ఈ ఏడు గానుగ అయినాక ఎల్దాం కదా?" ఆయన దాని కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. "ఎల్దావమ్మా, ఒట్టు" అన్నాడు.

బుజ్జి పోయాక మా ఆయన ఏడవలేదు. దాని పేరు ఎత్తడం మానేశాడు. తిండి సరిగ్గా లేదు. చలికాలంలో గానుగైతే పెట్టాడు గానీ, పాకం నాలుక మీద వేసుకుని చూడమంటే మొహం తిప్పేసుకునేవాడు. తొలి దిమ్మ పోసి పక్కన పెట్టినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. దానిమీద ఎవరూ వేలు పెట్టలేదు. పైన అద్దంలా నున్నగా ఉంది. అది నా కళ్ళారా చూశాను. ఆరాక ఆయనే కొత్త గుడ్డలో చుట్టి, గోనె పురికొసతో కట్టి గూట్లో పెట్టాడు.

గానుగ అయిపోయింది. ఆ దిమ్మ పగలగొట్టడానికి ఎవరూ లేరు.

అప్పుడు నేను దీవికి వెళ్దామన్నాను. బిడ్డ ఎలాగూ పోయింది, ఈ మనిషైనా నాకు మిగలాలి అనిపించింది. ఇచ్చిన మాట గుండెలో పెట్టుకుని మగ్గిపోతున్నాడని నాకు తెలుసు.

అత్త ఇంతెత్తున లేచింది. "ఓలమ్మో! ఏడాది తిరక్కుండా ఏటే నీకీ షికార్లు? ఊరు ముఖాన ఉమ్మేత్తాది. నాను రాను. ఆ సముద్రంలో సత్తే కట్టెలు కూడా దొరకవు."

"షికారు కాదత్తా. దాని పని మిగిలిపోయింది. మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను" అన్నాను.

"ఒక్కదానివి ఎల్తావేటి? నాను సచ్చేననుకున్నావా?" అంటూ ఆ సాయంత్రమే తన సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆయనతోనే కష్టమైంది. "మీ అత్తాకోడళ్ళు ఎల్లి రండి. నానెందుకు" అని పశువుల శాలలోకి పోయేవాడు. కొన్నాళ్ళు చూశాను. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. అందరికీ వినబడేలా అరిచాను, "ఒట్టేసింది మీరు! నేను కాదు!" ఆయన గడ్డిమోపు కిందపడేశాడు. అన్నం తిన్నాక, తల ఎత్తకుండానే, "టిక్కెట్లు తియ్యి" అన్నాడు.

విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. అత్త దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ నన్ను తిడుతూనే ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఇంకో చిన్న ఓడ, ఆపైన పడవ. పడవలో అందరం తడిసి ముద్దయిపోయాం. దీవి వీడియోలో చూసినట్టే ఉంది, కొబ్బరిచెట్లు ఒకే పక్కకి ఒరిగి. గాలి మాత్రం వీడియోలో తెలియదు. మాట్లాడితే మాట వెనక్కి కొట్టుకుపోతోంది. మేం దిగిన ఇంటావిడ వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపునుంచి వలస వెళ్ళినవాళ్ళు. మా యాస వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున్న వరండాలో కూర్చున్నాం. అత్త తన సంచీ అడుగునుంచి ఒక మూట తీసింది. గూట్లో ఉండాల్సిన దిమ్మ! గుంట పేరు చెప్పి, అంటే మా పిల్ల బుజ్జి పేరు చెప్పి, ఇక్కడి పిల్లలకి పంచాలని మాకు చెప్పకుండా అట్టుకొచ్చేసింది.

ఆయనకి కోపం నషాళానికెక్కింది. "బెల్లాన్ని సముద్రం మీదకి ఎవులైనా అట్టుకొత్తారేటమ్మా? ఉప్పుగాలికి నీరు కారిపోద్దని తెల్దా నీకు? గానుగ ఇంట్లో పుట్టేవు గదే!" బెల్లం చేసేవాళ్ళెవరూ చేయని పని అది. పారేస్తానని మూట లాక్కున్నాడు. ముడి ఆయన కట్టిందే, వేరేవాళ్ళు విప్పిన ముడి కాదు. గోళ్ళతో ఊడదీసి గుడ్డ విప్పాడు.

విప్పి, దిమ్మని మా వైపు తిప్పాడు.

దిమ్మ పక్కలన్నీ చెమర్చి జిగటగా ఉన్నాయి. పైన, ఓ పక్కకి, అంచుకి దగ్గరగా, బొటనవేలి గుంత. గుంతలో అడ్డంగా గీత.

అప్పుడే ఇంటావిడ టీ పట్టుకొచ్చింది. చూసి నవ్వింది. "అయ్యో, ఏ గుంట నొక్కీసిందమ్మా దీన్ని?"

"మా గుంటే" అంది అత్త.

నేను మాత్రం ఊరుకోలేదు. నా పని అలాంటిది. తడికి మెత్తబడ్డాక సంచీలో ఏదో ఒత్తుకుని ఉంటుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ గుంత అంచుని చూపించాడు. "ఆరినాక నొక్కితే అంచు పగులుద్ది. తడిసినాక నొక్కితే వేలికి అంటుకుని పైకి లేత్తాది. ఇది నున్నగా లోపలికి ఒరిగింది సూడు. వేడి మీద నొక్కిందే. పెనం దించిన కాడే నొక్కింది."

"బుజ్జీ, వచ్చేనమ్మా. గానుగ అయిపోయింది, వచ్చేను సూడు" అని ఆ దిమ్మని రొమ్ముకి అదుముకుని ఏడ్చాడు. బిడ్డ పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. చొక్కా నిండా బెల్లం. నేనూ అత్తా చెరో పక్కా పట్టుకుని కూర్చున్నాం. ఆ గాలిలో మా ఏడుపు మాకే వినబడలేదు.

దిమ్మ పంచలేదు, మళ్ళీ గుడ్డలో చుట్టి వెనక్కి తెచ్చుకున్నాం. ఇంటికొచ్చాక అత్తని గట్టిగా నిలదీశాను. పాత దిమ్మ ఏదైనా దాచారా అని. ఏ ఏటి దిమ్మని ఆ ఏడే బుజ్జి పగలగొట్టి పంచేసేది, అది నాకూ తెలుసు. అత్త వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగిపోయాయి, ఆ వేలితో అలాంటి గుంత పడదు. అచ్చులో లోపమా అంటే, గుంత ఉన్నది అచ్చు తగలని పైభాగంలో. పోసిన రోజు నేను చూసిన నున్నటి దిమ్మ నా కళ్ళముందే ఉంది. ఎటునుంచి చూసినా నాకు లెక్క తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

ల్యాబ్‌లో మంచి భూతద్దం ఉంది. బుజ్జి వేలిముద్ర వేసిన పాత కాగితాలు ఇంట్లో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నేను చూడలేదు. చూసి, కాదని తేలితే ఆ మనిషికి ఏం చెప్పను? నాకు నేనేం చెప్పుకోను?

ఇప్పుడు వానలు పడుతున్నాయి. బెల్లం చెమరుస్తోంది. మా ఆయన రోజూ సాయంత్రం పొయ్యి పక్కన పీట వేసి, దిమ్మని సెగ తగిలేంత దూరంలో పెట్టి కూర్చుంటాడు. అయినా గుంత లోతు తగ్గుతోంది. అడ్డగీత ఇప్పుడు కొంచెమే కనబడుతోంది. నేను ముట్టుకోబోతే, "వద్దే, అరిగిపోద్ది" అంటాడు.

నిన్న నేను వెనక నిలబడి ఉన్నానని ఆయనకి తెలియదు. తన బొటనవేలు ఆ గుంత మీద పెట్టాడు. ఆయన వేలు పెద్దది, అందులో పట్టదు. నొక్కకుండా, ఊరికే పైన ఆనించి కూర్చున్నాడు.