ట్యాంకు మూత మీద పసుపు

చిట్టమూరు పక్కన మా పొలంలో ఆయిల్ ఇంజను పెట్టిన మొదటి ఏడు, మహర్నవమి నాడు దానికి పూజ చేసింది నేనే. మా అత్త ఉన్నన్నాళ్లూ నాగలికీ కొడవళ్లకూ పసుపు పూసి బొట్లు పెట్టేది. ఇంజను కొత్త కాబట్టి నేను ఇంకాస్త ధారాళంగా పూశాను. ముఖ్యంగా డీజిలు ట్యాంకు మూతకు. గుండ్రంగా, నున్నగా, బొట్టు పెట్టించుకోవడానికే పుట్టినట్టుండేది.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. నారుమడి ఎండుముఖం పట్టింది. అది పోతే ఆ ఏటికి మాకు వరి లేనట్టే. నీళ్లు పెడదామని ఇంజను తిప్పితే పావుగంట ఆడి ఆగింది. మళ్లీ ఎంత తిప్పినా ఉలకదు, పలకదు.

మా ఆయన మూడు రోజులు హ్యాండిల్ తిప్పాడు. గొట్టాలు ఊడదీసి నోటితో ఊదాడు, డీజిలు ఉమ్మాడు. ఒక్కోసారి పలికేది, మళ్లీ ఆగేది. రెండో రోజు హ్యాండిల్ వెనక్కి తన్ని ఆయన మణికట్టు వాచింది. గూడూరు నుంచి వచ్చిన మేస్త్రీ మూత తీసి, "డీజిలుండాదే" అని తిప్పగానే ఆడింది. మూత బిగించి, కాఫీ తాగి వెళ్లాడు. అతని బండి మలుపు తిరగకముందే ఆగిపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత విసిగిపోయాను.

నాలుగో రోజు అన్నం తీసుకెళ్లేసరికి మా ఆయన గట్టు మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు.

"ఏందయ్యా, తినవా?"

"చెయ్యి లేస్తే గదా. డీజిలుండాదో లేదో నువ్వే పోయి చూడు."

మూత తిప్పితే రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టుంది. బలమంతా పెడితే బుస్సుమని ఊడింది. తిప్పి చూశాను. నడుమ సూది దూరేంత చిల్లు, అందులో నా పసుపు ఎండి బిగుసుకుపోయింది. కిరసనాయిలు డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె రాదని, గాలికి ఇంకోటి పెట్టాలని నాకు తెలియదా? గాజుకున్న పిన్నీసు తీసి పొడిచాను.

"ఇంకొక్కసారి తిప్పయ్యా" అని ఆయన్ను లేపాను. ఇద్దరం కలిసి తిప్పాం. పొద్దుగూకే దాకా ఆడింది. నారు సగమే తేరుకుంది. మిగతా సగానికి నారు కోసం చిల్లకూరు చుట్టాలను అడగాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన మణికట్టుకు పసుపు వేడిచేసి పట్టు వేస్తూ, చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అంత భక్తిగా పూజ చేసినావు, ఊరికే పోతుందా?" అన్నాడాయన, నొప్పికి పళ్లు బిగించి.

చెప్పడానికి సిగ్గేసింది. గుడ్డ కట్టి లేచాను.

మరుసటి ఏడు నేను ఆ మూత జోలికి పోలేదు. "మొగానికి పెట్టకుండా వదిలేసినావేందే?" అని ఆయనే పసుపు గిన్నె అందుకుని మందంగా పూశాడు. ఆయన ఇంటిదారి పట్టేదాకా ఉండి, గాజుకున్న పిన్నీసు తీశాను.