అన్సెల్మ్ కోసం ఆగినవాళ్ళు

అన్సెల్మ్ దురిన్ జీవితంలో సాధించిన మొదటి ఘనవిజయం, ఇరవై చలికాలాలు విఫలయత్నాలు చేశాక, ఒకానొక సాయంత్రం ఇంటికొచ్చే చివరి లిఫ్టు అందుకోవడం. ఆ వార్త తెలియగానే మా లా కొంబ్‌లో చర్చి గంట కొట్టారు. బేకరీ ఒగుస్త్ జున్ను కరిగించి ఊరందరికీ పెట్టాడు. మర్నాడు తెలిసిందేమిటంటే, ఆ రోజు తీగకు మంచు గడ్డకట్టి లిఫ్టే ఆలస్యంగా బయలుదేరిందట. అప్పటికే జున్ను తినేశాం గనక విజయాన్ని రద్దు చెయ్యలేదు.

చివరి లిఫ్టు తప్పడం మాకు చిన్న సంగతి కాదు. మా కొండకి ఇటు ఫ్రాన్సు, అటు ఇటలీ. పొద్దున్నే తీగకి వేలాడే కుర్చీల లిఫ్టెక్కి పైకి పోయి, సరిహద్దు రాయి పక్కనుంచి స్కీల మీద అటు జారితే వాల్‌ఫ్రెద్దా ఊరు. అక్కడ కాఫీ బాగుంటుంది, సూపు బాగుంటుంది, ఎండ కూడా మా వైపు కంటే కాస్త ఎక్కువే కాస్తుంది. ఈ చివరి మాట లా కొంబ్‌లో ఎవరూ పైకి అనరు. అక్కణ్ణుంచి కొండెక్కించే ఆఖరి లిఫ్టు నాలుగుంపావుకి. అది పోయిందా, ఆ రాత్రికి పరదేశమే గతి. చలికాలమంతా కనుమ దారి మూసే ఉంటుంది. సొరంగం గుండా చుట్టు తిరిగి రావాలంటే బండి మీద నాలుగు గంటలు. యాత్రికులకి లిఫ్టు తప్పితే అయ్యో పాపం అంటాం. లా కొంబ్ వాడికి తప్పితే మాత్రం వాడి మనవల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుని నవ్వుతాం.

మరి అన్సెల్మ్ మా స్కీ బడిలో పంతులు. రోజూ పొద్దున పిల్లల్నీ పెద్దల్నీ మంచులో వరసగా నిలబెట్టి, వేలు చూపించి చెప్పేవాడు: “నాలుగుంపావు! నాలుగూ పదహారుకి కాదు. గుర్తుందా?” వాళ్ళందరికీ గుర్తుండేది. వాళ్ళందరూ ఇంటికొచ్చేసేవాళ్ళు. సాయంత్రం స్కీ బడి ఆఫీసులో ఫోను మోగేది.

“మథిల్డ్, నేనే. ఇటే ఉండిపోయాను.”

ఆఫీసు చూసే మథిల్డ్ స్పీకరు పెట్టేది, మేమంతా వినాలని. “ఇవాళేమైంది? బూటు బకిల్ ఊడిందా?”

“కాదమ్మా. రెండు ఉడుతలు కొట్టుకుంటుంటే విడదీస్తున్నాను.”

“చలికాలంలోనా?”

“అందుకే కదా, వాటికి ఓపిక లేక అంతసేపు పట్టింది.”

ఒకనాడు కాఫీలో పంచదార కరగలేదట. ఇంకోనాడు మబ్బు ఆకారం తన మేనత్తలా కనబడితే పలకరించకుండా ఎలా వస్తాడట. ఈ సాకుల్ని మేం స్టవ్ చుట్టూ కూచుని ఒకళ్ళకొకళ్ళం అప్పజెప్పుకుంటూ ఉండేవాళ్ళం. పొరుగూరి వాళ్ళకి ఇవి ఉచితంగా వినిపించేవాళ్ళం కూడా.

అన్సెల్మ్‌ని చూసి నవ్వేవాళ్ళమే గాని, లా కొంబ్ వాళ్ళం దయాహృదయులం. వాడు అటు ఉండిపోయిన రోజుల్లో మాలో ఎవరో ఒకరు వాణ్ణి ఒంటరిగా వదల్లేక ఆగిపోయేవాళ్ళు. మేయరు గారు ఆగారు. డాక్టరు ఆగాడు. కాలునొప్పితో ఒగుస్త్ ఆగాడు. “అన్సెల్మ్ కోసం ఆగిపోయాను, ఏం చేస్తాం” అని మర్నాడు సొరంగం గుండా వచ్చే రొట్టెల వ్యాన్‌లోంచి నీరసంగా దిగేవాళ్ళు. మేం భుజం తట్టేవాళ్ళం. ఇంత మంచివాళ్ళున్న ఊరు ఆల్ప్స్‌లో ఇంకోటి లేదని నేను ఒకసారి సభలో కూడా అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇప్పుడు తలుచుకుంటే కాస్త మరీ గట్టిగా పడ్డాయనిపిస్తోంది.

సభ అన్నాను గనక నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు గాస్పార్ వియోన్. ఈ ఊరి బడిలోనే చదివాను. పై చదువులకి పోలేదు, పోవాల్సినంత ఖాళీ ఇక్కడ మిగల్లేదు. లోయ పందెంలో మూడో స్థానపు కప్పు నాదే. పరుగెత్తింది ముగ్గురమే, అందులో ఒకడు దారి తప్పి పక్కలోయలో తేలాడు, అతను రెండో స్థానంలో ఎలా వచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కప్పు మాత్రం ఫ్రిజ్ మీద మెరుస్తూనే ఉంది. స్కీ క్లబ్బు అధ్యక్షుణ్ణి. ఒక బిషప్పు గారికి స్కీయింగ్ నేర్పాను. ఆయన కాలు విరిగిన మాట నిజమే గాని, విరిగేముందు మలుపు చాలా అందంగా తీసుకున్నారు. ఇవన్నీ ఒకెత్తు. జీవితంలో ఒక్కసారి కూడా చివరి లిఫ్టు తప్పనివాణ్ణి అన్నది ఒకెత్తు. ఈ మాట నా నోటి నుంచి వినని మనిషి లోయలో ఉన్నాడంటే అతను నిన్న రాత్రి పుట్టినవాడై ఉండాలి.

ఈ ఏడు ఏప్రిల్‌లో, స్కీ కాలం ముగిసే ఆఖరి ఆదివారం, ఊరు నాకు పతకం ఇవ్వాలని తీర్మానించింది. దాని మీద చెక్కించిన మాట కూడా అదే: “చివరి లిఫ్టు ఎన్నడూ తప్పని గాస్పార్.” చెక్కించేశారు. వెండి మీద ఒకసారి చెక్కితే చెరపడం కష్టం.

ఆ ముందురోజు, శనివారం, మధ్యాహ్నం భోజనానికి వాల్‌ఫ్రెద్దా వెళ్ళాను. లిఫ్టు దగ్గర ఎండలో మిలాన్ కుర్రాళ్ళు కొందరు స్నోబోర్డుల మీద కూచుని ఉన్నారు. పలకరించాను. చూపులు మర్యాదగా ఉన్నాయి, తలలు ఊపుతున్నారు. ఇంత మంచి శ్రోతలు దొరికి చాన్నాళ్ళయింది. లోయ పందెం చెప్పాను. క్లబ్బు చెప్పాను. బిషప్పు గారు మలుపు దగ్గరికి వచ్చారు. అప్పుడు ఒక కుర్రాడు చెవిలోంచి ఒక చిన్న తెల్లటి ముక్క తీసి,

“తాతయ్యా, ఏమైనా అన్నారా?” అన్నాడు.

మిగతావాళ్ళ చెవుల్లో కూడా అవే ఉన్నాయని అప్పుడు చూశాను. తలలు ఊపింది నా కథకి కాదు.

“మీ లిఫ్టు వెళ్ళిపోతున్నట్టుందే,” అన్నాడు వాడు పాపం. “మేమైతే ఈ ఊళ్ళోనే దిగాం.”

స్కీలు భుజాన వేసుకుని, ఆ బరువు బూట్లతో, మంచులో నేను పరుగెత్తిన తీరు పందెంలో పరుగెత్తి ఉంటే మొదటి కప్పు నాదే. లిఫ్టు నడిపే రోక్కో గేటు వేసేస్తున్నాడు. చివరి కుర్చీ కదలబోతోంది. అందులో ఒంటరిగా, దర్జాగా, అక్షరాలా టైముకి వచ్చిన అన్సెల్మ్ కూచుని ఉన్నాడు.

నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. కుర్చీలోంచి పక్కకి దూకేశాడు. ఖాళీ కుర్చీ ఊగుతూ కొండెక్కిపోయింది.

“మళ్ళీనా!” అని రోక్కో నెత్తి కొట్టుకున్నాడు.

“గేటు తియ్యరా రోక్కో!” అన్నాను రొప్పుతూ. “నేనెవరో తెలుసా?”

“తెలుసు పెద్దాయనా. నాలుగుంపావు దాటాక వచ్చినాయన.”

నా కోపం ఎటు పోవాలో తెలియక అన్సెల్మ్ మీద పడింది. “దూకావేంరా, వెధవా? కూచున్నవాడివి కూచోక!”

“నీకోసం ఆగితే తిడతావేంరా?” అన్నాడు వాడు, స్కీల మంచు దులుపుకుంటూ.

“ఆగి ఏం చేస్తావు? రేపు పతకం! ఊరంతా ఉంటుంది! చెక్కించేశారు!” నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినబడింది.

“అయితే రా, ఫోను చెయ్యాలి,” అన్నాడు.

లిఫ్టుకి ఎదురుగానే డెల్ఫీనా పూటకూళ్ళ ఇల్లు. లోపలికి పోయి వాడే ఫోనందుకున్నాడు.

“మథిల్డ్, నేనే. ఇటే ఉండిపోయాను. ఉడుత. అవును, పాతదే. అదికాదు, గాస్పార్ లిఫ్టెక్కి కూచున్నాడు, నా కేక విని కుర్చీలోంచి దూకేశాడమ్మా. వద్దు వద్దంటున్నా వినలేదు. ఈ వయసులో, పాపం.”

స్పీకరులో ఊరంతా “అయ్యో గాస్పార్!” అనడం ఇక్కడికి వినిపించింది. నేను టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాను.

డెల్ఫీనా పొగలు కక్కే మక్కజొన్న సంకటి తెచ్చి పెట్టింది, చూస్తే రెండు పళ్ళాలు ముందే వేసి ఉన్నాయి. “మేయరు గారి గది ఇవ్వనా, డాక్టరు గారి గది ఇవ్వనా నాయనా?”

“మేయరు గారి గది ఏమిటి?”

“ఆయన అన్సెల్మ్ కోసం ఆగినప్పుడల్లా పడుకునేది అదే కదా.”

“ఎన్నిసార్లు ఆగాడమ్మా?”

డెల్ఫీనా వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి ఎత్తుతుంటే అన్సెల్మ్ గట్టిగా దగ్గాడు.

అప్పుడు చూశాను, తలుపు పక్కన గోడవార ఉన్ని చెప్పుల వరస. ఏవి ఎవరివో డెల్ఫీనా చెప్పింది. నల్లవి మేయరు గారివి, నున్నటి గోధుమరంగువి డాక్టరువి. పెద్ద పడవల్లాంటివి ఒగుస్త్‌వి, కాలునొప్పి కోసం లోపల అదనపు మెత్త కుట్టి ఉంది. ఒక్కసారి ఆగినవాడికి చెప్పులకి మెత్త ఎందుకు కుడతారు? చివర్న ఎర్రవి, మీద పువ్వులు, మథిల్డ్‌వి. మమ్మల్ని పిలిచి స్పీకరు పెట్టే మథిల్డ్!

“ఇంతమందా?” అన్నాను.

“సంకటి చల్లారిపోతుంది, తిను,” అన్నాడు అన్సెల్మ్.

“నువ్వు ప్రతిసారీ కావాలని...”

“ప్రతిసారీ ఏం కాదులే. ఉడుతలు కూడా ఉన్నాయి.” కాసేపు సంకటి కెలికాడు. “చూడు గాస్పార్. నాకెలాగూ చెడ్డపేరుంది. బాగా వాడిన పేరు, ఎంత లాగినా చిరగదు. అలాంటప్పుడు ఒక్కొక్కళ్ళూ కొత్తది కుట్టించుకోవడం దేనికి? నాదే తొడుక్కోండి.”

మరి ఆ ఘనవిజయం? గంట కొట్టిన రోజు? అడిగాను.

“ఆ రోజు ఎవరూ వెనకబడలేదురా,” అన్నాడు నవ్వుతూ. “ఏం చెయ్యను, ఇంటికొచ్చాను.”

డెల్ఫీనా వచ్చి నా కాళ్ళకేసి చూసింది. “మీ సైజెంత నాయనా? ఎందుకైనా మంచిది, ఒక జత కుట్టి పెడతాను.”

తెల్లవారి రొట్టెల వ్యాన్‌లో సొరంగం గుండా ఊరు చేరాం. దారి పొడుగునా అన్సెల్మ్ నా ఉపన్యాసం దిద్దాడు. ఊళ్ళో దిగగానే, “సభలు నాకు పడవు, ఆఖరి రోజు మంచు ఉంది, పోతున్నా” అని స్కీలు ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి హాలు నిండిపోయింది. మేయరు గారు పతకం ఎత్తి పట్టుకుని చదివారు: “చివరి లిఫ్టు ఎన్నడూ తప్పని గాస్పార్! నిన్న కూడా, ఎక్కిన కుర్చీలోంచి దూకి, ఆ అన్సెల్మ్ కోసం...” చప్పట్లు. ఆయన ఆగి ముక్కు చీదుకున్నారు. ఈయన ఎందుకంత కదిలిపోతున్నాడో రెండ్రోజుల ముందైతే నాకు తెలిసేది కాదు.

పతకం నా మెడ దాకా వచ్చింది. నా వయసులో కీర్తి అంత దగ్గరగా వచ్చి పలకరిస్తే మొహం తిప్పుకోవడం తేలిక కాదు. రెండు చేతులూ ముందుకే వెళ్ళాయి. కాని కళ్ళు ఎందుకో మేయరు గారి బూట్ల మీదికి పోయాయి.

“మేయరు గారూ, డెల్ఫీనా అడిగింది,” అన్నాను. “మీ ఉన్ని చెప్పులకి కొత్త మెత్త వెయ్యాలా అని.”

మేయరు గారి మొహం ఎర్రబడి, తెల్లబడి, ఇటలీ జెండా రంగుల్లో ఆకుపచ్చ ఒక్కటే మిగిలింది. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను. “కుర్చీలోంచి దూకింది నేను కాదు, వాడు. నాకు లిఫ్టు తప్పింది. శుభ్రంగా తప్పింది. బిషప్పు గారి కథ చెబుతున్నాను.”

“బిషప్పు కథా?” అని వెనక నుంచి ఒగుస్త్ అరిచాడు. “అయితే నువ్వు మర్నాటి లిఫ్టు కూడా తప్పాలే!”

“నువ్వు మాట్లాడకు. నీ పడవల్లో మెత్త ఎవరు కుట్టించారు?”

ఒగుస్త్ కూచున్నాడు. కూచున్నవాడు మళ్ళీ మెల్లిగా లేచాడు. “కాలునొప్పి నిజమే,” అన్నాడు. “లిఫ్టు తప్పింది మాత్రం... సూపు బాగుంది, ఇంకో గిన్నె తిన్నాను.” డాక్టరు లేచాడు. ఆయనకి ఎండలో కునుకు పట్టిందట. కాసేపటికి ఎవరు ఎవరికోసం ఆగారో లెక్కలు తీస్తే, ఊళ్ళో సగం మంది అన్సెల్మ్ కోసం ఆగారు, అన్సెల్మ్ ఆ సగం మంది కోసమూ ఆగాడు. ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుని నవ్వలేక చచ్చాం.

“నావి ఎర్రవి,” అంది మథిల్డ్ చివర్న, టేబులు కేసి చూస్తూ. “అవి అక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నాయో మాత్రం అడక్కండి.”

పతకం ఎవరికివ్వాలో తేలక పళ్ళెంలో పెట్టాం. సరిగ్గా అప్పుడు మథిల్డ్ వెంట తెచ్చుకున్న ఆఫీసు ఫోను మోగింది. టైము చూశాం. నాలుగుంపావు దాటింది. అది ఏడాదిలో ఆఖరి లిఫ్టు. మళ్ళీ డిసెంబరుకి గాని కదలదు.

“మథిల్డ్, నేనే. ఇటే ఉండిపోయాను.”

మథిల్డ్ స్పీకరు పెట్టింది. హాలంతా తలలు లెక్కపెట్టుకున్నాం. అందరం ఇక్కడే ఉన్నాం.

“ఎవరున్నారు నీతో?” అంది.

“ఎవరూ లేరమ్మా.” గొంతులో మొదటిసారి కాస్త సిగ్గు వినబడింది. “ఎవరైనా వెనకబడ్డారేమోనని చూస్తూ నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఈసారి నిజంగా నాకే తప్పింది.”

“రేపు రొట్టెల వ్యాన్‌లో వచ్చెయ్,” అన్నాను.

“సొరంగంలో వరసగా రెండు రోజులు పోతే నా చెవులు పనిచెయ్యవురా. డెల్ఫీనా ఇంటి పైకప్పు బాగుచెయ్యమంటోంది, అది చేస్తాను. కనుమ దారి తెరిచాక నడుచుకుంటూ వచ్చేస్తా.”

“ఊరికే చెప్పు, ఉడుత ఉందా?” అంది మథిల్డ్.

“ఉందమ్మా,” అన్నాడు. “నన్ను చూసి నవ్వుతోంది.”

అక్కడికక్కడే తీర్మానం చేశాం, ఎవరూ వ్యతిరేకించలేదు. దారి మీద మంచు తీసిన రోజు ఊరంతా కొండెక్కి, జున్నూ గిన్నెలూ పట్టుకుని, సరిహద్దు రాయి దగ్గర కూచుంటాం. వాడు టైముకి రాడని మాకు తెలుసు. ఎంతసేపైనా సరే, ఇన్నేళ్ళూ చెప్పిన మాట ఒక్కసారి నిజం చేసి, అన్సెల్మ్ కోసం ఆగుతాం. పతకం వెనకవైపు ఖాళీగా ఉంది, అక్కడ వాడి పేరు చెక్కించాం. రోడ్డు వాళ్ళు చెప్పినదాన్ని బట్టి వాడొచ్చేది జూన్ ఐదో తేదీ, శుక్రవారం.