మిస్త్రీ గారికి చదివి వినిపించిన సిఫార్సులు

నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మానేసి రెండేళ్లయ్యాక, ఒక ఆదివారం మధ్యాహ్నం గిలకలదిండి నుంచి మిస్త్రీ గారు మా ఇంటికి వచ్చారు. హార్బర్లో బోట్లకు ఇంజన్లు బిగించడం, చుక్కానులు సరిచేయడం ఆయన పని. బందరులో కొందరు మిస్త్రీ గారంటారు, కొందరు సాయిబు గారంటారు. చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచీలోంచి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించిన కాగితాల బొత్తి తీసి, టీపాయ్ మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"వచ్చిందండి మేడమ్ గారూ. మా అమ్మాయి విమానం రిపోర్టు. అంతా ఇంగ్లీషే. ఏం రాశారో మీరే చదివి చెప్పాలి" అన్నారు.

ఆ అమ్మాయి ఇంటర్‌లో నా స్టూడెంట్. డిగ్రీ అయ్యాక ఎయిర్ హోస్టెస్ ఇంటర్వ్యూలకు తయారవుతూ రోజూ సాయంత్రం స్కూటీ మీద మా ఇంటికి వచ్చేది. నన్నూ మావారినీ సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టి, ప్రయాణికులకు చెప్పే జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పేది. రెండు చేతులూ చాపి వంటింటి తలుపు, పెరటి తలుపు చూపించి, ప్రమాదం వస్తే అటు వెళ్ళాలనేది. మావారు నవ్వితే తను నవ్వేది కాదు. "సార్, మీరు ప్యాసింజర్ అండీ. వినాలి" అనేది. "v" శబ్దం దగ్గర తడబడితే నేను సరిదిద్దేదాన్ని. ఒక విదేశీ విమాన సంస్థలో ఉద్యోగం వచ్చినప్పుడు తల్లిదండ్రులిద్దరూ స్వీటు డబ్బా తెచ్చి, నావల్లే వచ్చిందన్నారు. ఆ మాట అప్పుడు ఎంతో బాగుంది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడాదిలో, వేరే దేశంలో దిగబోతున్న ఆమె విమానం ఉన్నట్టుండి ఒక పక్కకు తిరిగి, ఒరిగి, నేలమీద పడిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. పెట్టె వచ్చింది. తెరవవద్దని కాగితం అంటించి పంపారు.

ఆ తర్వాత ఏడాదిన్నరకు వచ్చిన రిపోర్టు ఇది. ఆ రోజు నాలుగు గంటలపాటు చదివాను. నాకు సాహిత్యం తెలుసు, యంత్రాలు తెలియవు. ఒక్కో వాక్యం రెండేసి సార్లు చదువుకుని తెలుగులో చెప్పాను. విమానం తోక మీద నిలువుగా ఉండే రడ్డర్ ఒక వైపుకు పూర్తిగా తిరిగిపోయింది. దాన్ని పైలట్లు కాళ్ళ కింద ఉండే పెడల్స్‌తో తిప్పుతారు.

"సుక్కానే కదండీ" అన్నారాయన.

"అవునండి. ఎందుకలా తిరిగిందో మాత్రం తేల్చలేకపోయామని రాశారు. పైలట్ పొరపాటున తొక్కి ఉండొచ్చు. లేదా లోపల రడ్డర్‌కు ఆయిల్ ఒత్తిడి పంపే వాల్వు పట్టేసి, దానంతటదే తిరిగి ఉండొచ్చు."

"బోటుకైతే స్టీరింగు తిప్పితే గొలుసు లాగుద్ది, గొలుసు సుక్కానిని లాగుద్ది. ఎక్కడ పట్టేసిందో విప్పి చూస్తే తెలిసిపోద్ది. దీన్ని విప్పలేదా?"

"విప్పారండి. వాల్వు దొరికింది. పట్టేసి మళ్ళీ వదిలేస్తే లోపల గుర్తేమీ మిగలదట."

"మరి బ్లాక్ బాక్స్ ఉంటది కదా?"

అదీ దొరికింది. కానీ అది పాతకాలంది. విమానం ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో వెళ్తోంది, ఎటు తిరిగింది అన్నవి రాసుకుంది. పైలట్ కాళ్ళు పెడల్‌ను ఎంత తొక్కాయో రాసుకోలేదు. ఆ సెన్సరే లేదు. మాటలు రికార్డు చేసే పెట్టె కరెంటు పోగానే ఆగిపోయింది. చివరి క్షణాలు అందులో లేవు.

మిస్త్రీ గారు కాగితాల బొత్తిని తన వైపు తిప్పుకున్నారు. "మా బోట్లక్కూడా ట్రాన్స్‌పాండర్లు పెట్టారండి, ఎక్కడున్నావో తెలియాలని. అంత పెద్ద విమానానికి పెడల్ సంగతి ఎందుకు పెట్టలేదు?" అన్నారు.

నేను తర్వాతి పేజీ తిప్పాను.

రిపోర్టు చివర ఎనిమిది సిఫార్సులు ఉన్నాయి. రికార్డర్‌లో పెడల్స్ స్థానం, వాటిమీద పడిన బలం నమోదు కావాలి. పాత విమానాలకు కూడా ఆ సెన్సర్లు బిగించాలి. మాటల రికార్డర్‌కు విడిగా కరెంటు ఉండాలి. రడ్డర్ వాల్వును మార్చి, ఒకటి పట్టేసినా రెండోది పనిచేసేలా చేయాలి. ఇలాంటివి. వాటిని ఆయన మూడుసార్లు చదివించుకున్నారు. వెళ్ళేటప్పుడు, "అయితే ఇవి చేస్తారన్నమాట" అన్నారు. ఆ మాటకు నేను తలాడించాను. చేస్తారనే అనుకున్నాను.

మావారి స్నేహితుడొకాయన విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసి రిటైరై గుడివాడలో ఉంటున్నారు. మిస్త్రీ గారిని తీసుకుని ప్యాసింజర్ రైల్లో ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గంటసేపు చదివారు. తర్వాత ఒక అరచేతిని నిలువుగా పెట్టి, రెండో చేత్తో పక్కకు తోసి చూపిస్తూ వాల్వు గురించి మిస్త్రీ గారికి వివరించారు. ఇద్దరూ పనివాళ్ళ మాటల్లో పడిపోయారు. ఆయిల్లో చెత్త చేరితే ఏమవుతుందని ఈయన అడిగారు. చలికి లోహం కుంచించుకుంటే ఏమవుతుందో ఆయన చెప్పారు. నేను చదివినప్పటికంటే మిస్త్రీ గారికి బాగా అర్థమైంది. అది ఆయన ముఖంలో కనిపించింది. చూడలేక వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఆ మోడల్ విమానాలు ఇంకా తిరుగుతున్నాయా అండీ?" అని అడిగారు మిస్త్రీ గారు.

"తిరుగుతున్నాయండి."

"ఇదే వాల్వుతో?"

"ఇదే వాల్వుతో." ఆ ఇంజనీరు గారు కళ్ళజోడు తీశారు. "మీకు అబద్ధం చెప్పి పంపలేను. సిఫార్సు అంటే ఆర్డర్ కాదు. దర్యాప్తు చేసినవాళ్ళు చెప్పగలరంతే. చేయించే అధికారం ఇంకొక ఆఫీసుది. వాళ్ళు కంపెనీలను అడుగుతారు, కంపెనీలు లెక్కలు వేసుకుంటాయి. కొన్ని చేస్తారు, కొన్ని చేయరు. చేసినా ఏళ్ళు పడుతుంది."

తిరుగు రైల్లో పెడన దాటాం. అప్పుడు మిస్త్రీ గారు అడిగారు, "మనం ఆ ఆఫీసుకు ఒక ఉత్తరం రాద్దామా అండీ?"

రాశాం. ఆయన చెప్తుంటే నేను ఇంగ్లీషులో పెట్టాను. కూతురి గురించి ఒక్క వాక్యమే చెప్పారు. మిగతాదంతా పెడల్ గురించీ వాల్వు గురించే. "కారణం తెలియలేదని రాశారు. పోనీ, మా పిల్లది తెలియకుండానే పోయింది. తర్వాత పడేదానికైనా తెలియాలి కదా" అన్న మాటను ఎలా అనువదించాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. చివరికి నేను రాసింది శుభ్రమైన ఇంగ్లీషే గాని, ఆయన మాట అందులోకి రాలేదు.

జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. మీ నష్టానికి చింతిస్తున్నాం, మీ అభిప్రాయాలు నమోదు చేసుకున్నాం అని.

అప్పటినుంచి నెలకోసారి, శుక్రవారం నమాజు అయ్యాక ఆయన వచ్చేవారు. దర్యాప్తు సంస్థ వెబ్‌సైటులో ఆ ఎనిమిది సిఫార్సులూ, వాటి పక్కన వాటి స్థితీ ఉండేవి. నేను కంప్యూటర్ తెరిచి ఒక్కోటి చదివేదాన్ని. జవాబు కోసం చూస్తున్నాం. జవాబు కోసం చూస్తున్నాం. ఎనిమిదీ అలాగే ఉండేవి. టీ తాగి వెళ్ళిపోయేవారు. రెండేళ్ళు ఇలాగే గడిచింది.

ఒక మంగళవారం నేనే ఊరికే తెరిచి చూస్తే, రెండింటి పక్కన మాట మారింది. పాత విమానాలకు సెన్సర్లు బిగించాలన్న దానిమీదా, వాల్వు మార్చాలన్న దానిమీదా ముగిసినట్టు రాశారు. చేయించాల్సిన ఆఫీసు ఇచ్చిన జవాబు ప్రకారం, సెన్సర్లు కొత్తగా తయారయ్యే విమానాలకే పెడతారు. పాతవి ఎలాగూ కొన్నాళ్ళకు మూలపడేవే కాబట్టి వాటికి అంత ఖర్చు తగదు. వాల్వు మార్చరు, అప్పుడప్పుడూ తనిఖీ చేస్తారు. ఈ జవాబు మాకు సంతృప్తికరంగా లేదు, అయినా ఇక చేయగలిగింది లేదు కాబట్టి ముగిస్తున్నాం అని దర్యాప్తు సంస్థ వాళ్ళే కింద రాశారు. వాళ్ళ చేతుల్లోనూ ఏమీ లేదని ఆ వాక్యంతో తెలిసింది.

శుక్రవారం దాకా ఆగలేక హార్బర్‌కు వెళ్ళాను. ఒడ్డుకు లాగిన బోటు వెనకాల, చుక్కాని ఊడదీసి, దాని కడ్డీకి తొడిగే ఇత్తడి బుష్షుకు ఆకురాయి పెడుతూ కూర్చున్నారాయన. చెప్పాను. ఆకురాయి ఆపకుండానే విన్నారు.

"ముగిసింది అంటే అయిపోయిందనా అండీ?"

"ఇక అడగరని అర్థం."

బుష్షును వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టారు. కాసేపటికి, "ఇంట్లో చెప్పకండి" అన్నారు. సరేనన్నాను. ఆకురాయి చప్పుడు వెనక వినిపిస్తుండగా ఇంటికి బయల్దేరాను.

కిందటేడు మిస్త్రీ గారి వదినగారు ఉమ్రా యాత్రకని మక్కాకు బయల్దేరారు. వాళ్ళది దివిసీమలో అవనిగడ్డ. ఆవిడ ప్రయాణం కాగితాలు చూసి పెట్టమంటే మిస్త్రీ గారితో, ఆయన భార్యతో కలిసి చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాను. అరవై దాటిన ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. కాగితాలు చూడటం అయిపోయి సేమ్యా తింటుండగా, ఆవిడ కంచం పక్కన పెట్టేసి, "నాకు భయంగా ఉంది. మానేస్తాను" అంది.

చెల్లెలు, అంటే మిస్త్రీ గారి భార్య, దగ్గరికి జరిగి అక్క చెయ్యి పట్టుకుంది.

"భయం దేనికక్కా? ఇప్పుడన్నీ మార్చేశారు. మా పిల్ల పోయాకే మార్చారు. లోపల వాల్వు మార్చారు. పైలట్ కాళ్ళకింద మిషను పెట్టారు, ఎంత తొక్కితే అంత రాసుకుంటది. ఎనిమిది మార్చారు. దానివల్ల ఇప్పుడు ఎక్కేవాళ్ళందరూ చల్లగా ఉంటారు."

సిఫార్సులను చేయాల్సిన పనులుగా నేను చెబితే, అవి ఆ ఇంటికి చేరేసరికి అయిపోయిన పనులయ్యాయో, మిస్త్రీ గారే అలా చెప్పారో, ఆవిడే అలా నమ్మడం మొదలుపెట్టిందో నాకు తెలియదు. ఆవిడ గొంతులో ఒక రకమైన గర్వం ఉంది. కూతురు పోయాక ఆ గొంతులో అలాంటిది వినడం అదే మొదలు.

"అంతే కదండీ మేడమ్ గారూ?" అంది నా వైపు తిరిగి.

మిస్త్రీ గారు తల వంచుకుని కంచంలోకి చూస్తున్నారు.

"అవునండి. మార్చారు" అన్నాను.

మిస్త్రీ గారు లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. చాలాసేపటికి గాని రాలేదు. పెద్దావిడ కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

ఆవిడ వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చారు. నాకు ఖర్జూరాలు పంపారు. ఏ మోడల్ విమానం ఎక్కారో టికెట్టు చూస్తే తెలిసేది. నేను చూడలేదు. శుక్రవారాలు మిస్త్రీ గారు ఇప్పుడు రావడం లేదు. బజార్లో కనపడితే నమస్కారం పెట్టి, ఆరోగ్యం అడిగి వెళ్ళిపోతారు. నేను మాత్రం నెలకోసారి ఆ పేజీ తెరుస్తూనే ఉన్నాను. మిగతా ఆరింటికీ జవాబు కోసం చూస్తున్నామనే ఉంటోంది.