పదును దాటిన మాటలు

అప్పట్లో నేను ముదిగుబ్బలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. గిరాకీ లేనప్పుడు నా డైరీ టైపు చేసుకునేదాన్ని. "నాయన వచ్చినాడు" అని కొడితే కింద ఎర్రగీత పడేది. "వచ్చాడు" అంటే పడేది కాదు.

అక్షరదోషాలు పట్టే ఆ తెలుగు ప్రోగ్రామును కొందరు జీతం లేకుండా తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. ఎవరైనా దిద్ది పంపవచ్చు. నోరు విప్పి నా యాసలో మాట్లాడే పని లేదు కనుక నాకు ధైర్యం వచ్చింది. మా వైపు క్రియారూపాలన్నీ పోగుచేసి పంపాను. ఆ ప్రోగ్రాము రాబోయే విడుదలనే, అంటే కొత్త కూర్పునే, మా మండలం బడుల్లో ఎక్కిస్తారని తెలుసు. ఆ బడులకు ఇంటర్నెట్ లేదు. ఒకసారి ఎక్కించిందే ఏళ్ల తరబడి ఉంటుంది.

దాని నిర్వాహకుడు హైదరాబాదు నుంచి మర్యాదగానే జవాబు రాశాడు. "బాగున్నాయండీ. కానీ ఫ్రీజ్ మొదలైంది. విడుదలయ్యేదాకా తప్పుల సవరణలే తీసుకుంటాం. మీవి కొత్త చేర్పులు కదా, తర్వాతి విడుదలలో చూద్దాం."

చివర్లో కొత్తవి కలిపితే ఉన్నవి చెడతాయి. ఆ నియమం నాకూ న్యాయంగానే తోచింది. నాయనకు చెప్పాను. వాన కురిశాక నేలలో పదును ఉన్నప్పుడే వేరుశనగ విత్తే మనిషి.

"పదును ఆరినాక ఇత్తనం ఏస్తే మొలుస్తాదా? వాళ్లు చెప్పింది సరే" అన్నాడు. కాసేపటికి, "అయితే పాపా, మన మాట కొత్తదంటనా? మా అవ్వ గూడా వచ్చినాడనే అంటాండె గదా!"

"వాళ్లకు కొత్తది నాయనా."

"అబ్బో! అయితే మా అవ్వను ఇప్పుడు పసిబిడ్డ మాదిరి తొట్టిల్లో ఎయ్యల్ల."

ఇద్దరం నవ్వుకున్నాం. కొద్దిరోజులకే, ఫ్రీజ్ నడుస్తుండగానే, ఎవరో "వచ్చేశాడు", "వెళ్ళిపోయాడు" లాంటివి పంపితే చేర్చేశారు. అదేమని రాశాను.

"అవి అందరూ వాడే మాటలండీ. లేకపోవడమే తప్పు. అందుకే సవరణ కింద తీసుకున్నాం."

మావి లేకపోవడం తప్పు కాదా అని అడిగాను. "తర్వాతి విడుదలకు గుర్తుచేయండి" అని వచ్చింది.

సీడీలు వచ్చాయి. పక్క ఊరి బడిలో ఎక్కించడానికి మా సెంటర్ నుంచి నన్నే పంపారు. పని అయ్యాక ఒక పిల్లను కూర్చోబెట్టాను. "మా అన్న గొర్రెలు తోలుకోని వచ్చినాడు" అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. "వచ్చినాడు" కింద గీత పడింది.

వెనక నిలబడిన టీచరమ్మ సంబరపడిపోయింది. "నేను చెప్తే వింటివా? చూడు, ఇప్పుడు కంప్యూటరే చెప్తాండాది!"

పిల్ల గబగబా చెరిపి "వచ్చాడు" అని దిద్దింది. గీత పోయింది. ఒప్పు చేసినందుకు మెచ్చుకుంటానేమోనని నా వైపు తిరిగి చూసింది.