అరవై మూడు బెల్టులు

మంగళవారం పొద్దున అసిరమ్మ పెందుర్తిలో బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, సాగర్‌నగర్‌లో ఒక అపార్టుమెంటు ముందు దిగింది. గేటు దగ్గర అరగంట నిలబడి, ఒక పమేరియన్ కుక్క మెడలోంచి నీలం రంగు బెల్టు విప్పి తెచ్చుకుంది. దాని బదులు అదే రంగులో ఇంకో బెల్టు పెట్టింది.

కుక్కగలామె నీలిమ, బ్యాంకులో పనిచేస్తుంది. "ఇది బాగానే ఉంది కదండీ, ఎందుకు మార్చడం?" అని అడిగింది.

"బాగానే కనిపిస్తాదమ్మా" అంది అసిరమ్మ.

ఇంటికొచ్చాక కత్తెరతో ఆ బెల్టు రింగు మీది గుడ్డ విప్పింది. లోపల రింగు ఎర్రగా పొడి పొడిగా రాలింది. నోటుపుస్తకం తీసి ఆ కుక్క పేరు మీద గీత కొట్టింది. వెనక్కి వచ్చిన వాటిలో అది యాభై ఎనిమిదోది.

అసిరమ్మకు నలభై ఆరేళ్లు. పుట్టింది చీపురుపల్లి పక్కన ఒక పల్లెలో, వ్యవసాయం ఇంట్లో. పెళ్లయి విశాఖపట్నం వచ్చింది. భర్త సూరన్న ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డరు. పెందుర్తిలో రెండు గదుల అద్దె ఇల్లు. చీరలకు ఫాల్స్ కుట్టడం, జాకెట్లకు పైపింగ్ వేయడం ఆమె పని.

కుక్కల బెల్టులు ఆరేళ్ల కిందట మొదలయ్యాయి. వాళ్ల మెట్ల మీద ఒక వీధికుక్క పడుకునేది. కుక్కల్ని పట్టే బండి కాలనీలో తిరుగుతోందని తెలిసి, మెడలో బెల్టుంటే పెంపుడు కుక్క అనుకుంటారని సూరన్న చెప్పాడు. మంచం నవారు ముక్క తీసుకుని, పైన జాకెట్టు గుడ్డ వేసి ఆమె ఒక బెల్టు కుట్టింది. వారం తిరగకుండా పక్క వీధివాళ్లు అడిగారు. కూతురు దేవిశ్రీ అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఫొటోలు తీసి ఫోనులో పెట్టింది. ఊరంతటి నుంచీ అడగడం మొదలుపెట్టారు.

కొలత విషయంలో అసిరమ్మ ఎవరి మాటా నమ్మదు. కుక్క మెడకు దారం చుట్టి, లోపల రెండు వేళ్లు దూరేంత వదులు పెట్టి, ఆ దారం కత్తిరించి పంపమంటుంది. పోస్టులో పంపినా సరే, మనిషితో పంపినా సరే. వచ్చిన దారాన్ని నోటుపుస్తకంలో జిగురుతో అంటించి, పక్కన కుక్క పేరు, ఇంటి అడ్రసు, ఫోను నంబరు రాసుకుంటుంది. ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. పేజీ తిప్పితే దారాలు చేతికి తగులుతాయి.

గొలుసు తగిలించే రింగు మాత్రం సూరన్నది. షెడ్డులో మిగిలిపోయిన స్టెయిన్‌లెస్ రాడ్డు ముక్కల్ని ఓనరుకు చెప్పి తీసుకుని, వంచి, అతుకు దగ్గర వెల్డింగ్ పెట్టి, నున్నగా రాకి తెచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఆ రింగుల్ని చాప మీద పోసి, ఒక్కోదాన్నీ కాలి బొటనవేలికి తగిలించి లాగి చూసేవాడు.

"నీ గుడ్డ సిరిగితే సిరగనీయే. నా రింగు మాత్రం ఊడకూడదు" అనేవాడు.

"అవునవును, కుక్కలన్నీ నీ రింగు సూసే కొంతన్నాయి" అని ఆమె వెక్కిరించేది.

రెండేళ్ల కిందట ఒక రోజు డ్యూటీలో ఛాతీలో నొప్పి అని స్టూలు మీద కూర్చున్నాడు. ఆసుపత్రికి చేరేలోపు అయిపోయింది.

పాలపొడి డబ్బాలో అతను చేసిపెట్టిన రింగులు ఇంకా చాలా ఉన్నాయి. ఏడాది పాటు వాటితోనే కుట్టింది. డబ్బా అడుగు కనిపించే వేళకు కొత్త రింగులు కావలసి వచ్చాయి. షెడ్డులో సూరన్నతో పాటు పనిచేసిన తాతబాబును అడిగితే చేసిపెట్టేవాడే. అసిరమ్మ వెళ్లలేదు. వెళితే ఆ స్టూలు కనిపిస్తుందని కూతురితో అంది. పూర్ణా మార్కెట్‌కెళ్లి ఒక రింగు కొంది. తళతళలాడుతోంది. తుప్పు పట్టదు, పైన పూత ఉంది అని కొట్టువాడు చెప్పాడు.

ఆమె ఆ మాటా నమ్మలేదు. రింగును తన ఇంటి వెనక దండేనికి కట్టి, వానాకాలమంతా వదిలేసింది. వినాయక చవితికి విప్పి చూస్తే కొన్న రోజు ఎలా ఉందో అలానే ఉంది. అప్పుడు ఒక ప్యాకెట్టు తెచ్చింది. అవి వెల్డింగ్ లేని రింగులు, అతుకు దగ్గర సన్నని సందు ఉంటుంది. వెంట్రుకలు ఇరుక్కోకుండా ఆ సందు మీద గుడ్డ చుట్టి కుట్టింది. చూడటానికి ఇంకా అందంగా ఉందన్నారు. దసరా నుంచి ఉగాది లోపు అలాంటి బెల్టులు అరవై మూడు వెళ్లాయి.

వాటిలో ఒకటి జాలరిపేటకు వెళ్లింది. చిట్టెమ్మ అక్కడి మనిషి. యాభై అయిదు దాటాయి. బుధవారం, ఆదివారం చేపల బుట్టతో పెందుర్తి వస్తుంది. ఇంట్లో ఉండేది ఆమె, పడవల దగ్గర నుంచి వెంటపడి వచ్చేసిన కుక్క. దాని పేరు బుల్లోడు. అసిరమ్మ ఎర్ర బెల్టు కుట్టి, పసుపు దారంతో పేరు కూడా వేసి ఇచ్చింది.

"ఓలమ్మో, సేపలమ్ముకున్నదాని కుక్కకి పెళ్లికొడుకు సోకేటే!" అని చిట్టెమ్మ నవ్వి, వద్దన్నా వినకుండా రెండు వంజరం చేప ముక్కలు గిన్నెలో వేసి పోయింది.

ఈ వేసవిలో ఒక బుధవారం చిట్టెమ్మ వచ్చి, బుట్ట దించి, బేరం మొదలుపెట్టకుండా అరుగు మీద కూర్చుంది. చీర కొంగు ముడి విప్పి ఎర్ర బెల్టు తీసింది.

"బుల్లోడు ఎల్లిపోనాడే" అంది. "తెల్లారి సేపల వేలంపాటకని ఆటో ఎక్కినాను. గుంజకి కట్టీసే ఎల్లినాను. ఎనకాలే పరిగెట్టుకొచ్చీసినాడు. బస్సు కింద పడిపోనాడు."

అసిరమ్మ పక్కన కూర్చుంది.

"పక్కింటిది ఇప్పీసినాది. మొరుగుతాడని దానికి ఎప్పుడూ ఏడుపే. నానూరుకున్నానా? నీ కడుపు కాలిపోనని తిట్టీసినాను. ఈదంతా నిలబడి సూసినారు. వారం నుంచీ అది బయటికి రానేదు." బెల్టు అసిరమ్మ ఒళ్లో పెట్టింది. "పేరున్న ముక్క కత్తిరించి ఇయ్యి. ఇంట్లో ఎట్టుకుంతాను."

అసిరమ్మ కత్తెర తెచ్చింది. పేరు పాడవకుండా రింగు వైపు నుంచి కుట్టు విప్పింది. గుడ్డ మడతలోంచి ఎర్రటి పొడి ఒళ్లో రాలింది. రింగును తుప్పు సగం తినేసింది. సందు దగ్గర విచ్చుకుని, బారుగా సాగిపోయింది. గొలుసు జారిపోవడానికి అంత చాలు.

రింగు చిట్టెమ్మకు చాపింది.

"అప్పా, ఆవిడ ఇప్పనేదు."

"ఏటి?"

"నాను కట్టిన రింగే ఇచ్చుకుపోనాది. సూడు."

చిట్టెమ్మ రింగు తీసుకుని కంటి దగ్గర పెట్టుకుంది. "ఇనుపదేటే? సముద్రం గాలి తినేసినాది. మా ఇంటి గడియలే ఏడాది ఉండవు. నీకు తెలదా?"

"నా దండేనికి కట్టి సూసినానప్పా. వానలన్నీ పడినా ఏటీ అవనేదు."

"నీ దండెమెక్కడ, సముద్రమెక్కడే?"

పెందుర్తికి సముద్రం పదిహేను కిలోమీటర్ల పైనే. ఆ గాలి అక్కడిదాకా రాదు. గుడ్డ చుట్టడం వల్ల లోపలి ఉప్పుతడి ఆరే దారి కూడా లేకపోయింది.

చిట్టెమ్మ రింగు అరుగు మీద పెట్టింది.

"మరి నాను ఆ మనిసిని తిట్టిన తిట్లు ఇప్పుడెవులు తీసుకుంతారే?" అంది. లేచి, "బుట్ట ఎత్తు" అంది. అసిరమ్మ ఎత్తింది. ఆ రోజు ఆ వీధిలో చిట్టెమ్మ కేక వినిపించలేదు. తర్వాత ఆదివారం కూడా రాలేదు.

ఆ సాయంత్రం అసిరమ్మ నోటుపుస్తకం ముందేసుకుని, దసరా తర్వాత పేజీలన్నింటికీ పిన్నీసు గుచ్చింది. అందరికీ మెసేజ్ పెట్టమని కూతురికి చెప్పింది.

"ఏం పెట్టమంటావ్?" అంది దేవిశ్రీ.

"ఉన్నదే పెట్టు. మా రింగు ఇరిగి ఒక కుక్క సచ్చిపోనాది, మీ బెల్టు వెంటనే ఇప్పీయండి, కొత్తది తెచ్చి ఇత్తాను అని పెట్టు."

"కుక్క చచ్చిపోయిందని కూడానా? అమ్మా, అలా పెడితే ఇంకెవరు కొంటారు?"

"కొనొద్దు."

మర్నాడు ఆటోనగర్ వెళ్లింది. సూరన్న స్టూలు అక్కడే ఉంది. దాని మీద ఒక కొత్త కుర్రాడు కూర్చుని టీ తాగుతున్నాడు. తాతబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒక రింగు అడగడానికి రెండేళ్లా వదినా?"

"తప్పయిపోనాది తాతబాబూ."

ఆదివారాలు కూర్చుని తాతబాబు అరవై రెండు రింగులు చేశాడు, వెల్డింగ్ పెట్టి. అసిరమ్మ ఒక్కోదాన్నీ కాలి బొటనవేలికి తగిలించి లాగి చూసుకుంది.

మెసేజ్ చూసి కొందరు బెల్టులు పంపేశారు. కొందరు పట్టించుకోలేదు, వాళ్ల ఇళ్లకు ఆమే వెళుతోంది. పెందుర్తి, గోపాలపట్నం, కొత్తవలస బెల్టులు విప్పితే రింగులు మెరుస్తూనే ఉన్నాయి. సముద్రం వైపువి విప్పితే పొడి రాలింది. రెండింటినీ వేరు వేరు డబ్బాల్లో వేసింది. మంచి రింగులు నలభై ఒకటి, తుప్పువి పదిహేడు.

తుప్పువాటిలో ఇంకొకటి కూడా జాలరిపేటదే. దాని కోసం వెళ్లిన రోజు చిట్టెమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కింటి తలుపు వేసి ఉంది. ఆ బెల్టు తీసుకున్నవాళ్ల ఇల్లు ఎక్కడని అసిరమ్మ అడిగితే, చిట్టెమ్మ తల ఎత్తకుండా చేత్తో చూపించింది. అసిరమ్మ సంచిలోంచి బుల్లోడి పేరున్న ఎర్ర గుడ్డ ముక్క తీసి చిట్టెమ్మ గుమ్మం మీద పెట్టింది. పని చూసుకుని తిరిగి వస్తున్నప్పుడు ఆ ముక్క అక్కడే ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి పెట్టి ఉంది.

మెసేజ్ పెట్టిన తర్వాత కొత్తగా బెల్టు కావాలన్నవాళ్లు ముగ్గురు. అసిరమ్మ మళ్లీ ఫాల్స్ కుడుతోంది. కుట్టని రోజున బస్సెక్కుతుంది.

వెనక్కి వచ్చినవి యాభై ఎనిమిది, బుల్లోడిది ఒకటి. ఇంకా నాలుగు బయట ఉన్నాయి, నాలుగూ సముద్రం వైపే. సన్నీ, రాకీ భీమిలిలో ఉంటాయి, గురువారం వెళుతుంది. పింకీది యారాడ. నాలుగోది పెదవాల్తేరులో ఎవరో స్వయంగా వచ్చి తీసుకెళ్లిన బెల్టు. కుక్క పేరు, అడ్రసు రాయించలేదు, ఇచ్చిన ఫోను నంబరు పనిచేయడం లేదు. పుస్తకంలో దారం మాత్రం ఉంది. స్కేలు పెట్టి చూస్తే ఆ కుక్క మెడ కొలత పదకొండు అంగుళాలు.